లైప్జిగ్ పాటల గురువు యోహాన్ సెబాస్టియన్ బాక్

మన ఆరాధనలో వాక్యము తరువాత ఏది ముఖ్యమని అడిగితే మన సంఘములలోని వృద్ధులు పాట అనే చెప్పుతారు. చదువు రాని రోజులలో కృష్ణా డెల్టా గ్రామములలో మన తాత ముత్తాతలు విశ్వాసమును కంఠస్థము చేసికొన్నది కీర్తనల ద్వారానే. ఉపదేశి ఒక చరణము ఎత్తుకొంటే, పొలము పని ముగించుకొని కాళ్ళు కడుగుకొని వచ్చి కూర్చున్నవారు దానిని అందుకొనేవారు. ఈ సంచికలో బిషప్పులను గురించి, మిషనెరీలను గురించి వ్రాయువారు అనేకులు ఉంటారు గనుక మేము ఒక పాటవాని జీవితమును వ్రాయుటకు పూనుకొన్నాము. ఆయన తెలుగువాడు కాడు. మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయితే బడి పిల్లలను, విశ్వవిద్యాలయ విద్యార్థులను, పట్టణ వాయిద్యగాండ్రను ఒక్క గ్యాలరీలో నిలువబెట్టి పాడించుటకు 27 సంవత్సరములు పాటుపడిన మనిషి. ఆ పాట్లలో మన సంఘములవారు గుర్తుపట్టగల సంగతులు చాలా ఉన్నాయి.

యోహాన్ సెబాస్టియన్ బాక్ 1685 మార్చి 21న జర్మనీ దేశమందలి ఐసెనాక్ పట్టణములో జన్మించారు. నేటి క్యాలెండరు ప్రకారము లెక్కిస్తే అది మార్చి 31 అవుతుంది. తండ్రి అంబ్రోసియస్ బాక్ ఆ పట్టణ సంగీతకారుడు. తాతలు, పినతండ్రులు, అన్నలు అందరును ఏదో ఒక వాయిద్యము పట్టినవారే. మన ఊళ్ళలో నాదస్వర మేళము ఒకే కుటుంబములో తరతరాలుగా సాగినట్లే ఆ ప్రాంతములో బాక్ అనునది ఇంటిపేరు కాదు, వృత్తి పేరేమో అనిపించేది. ఐసెనాక్ పైన కొండమీద వార్ట్‌బర్గ్ కోట ఉన్నది. 1521-22లో మార్టిన్ లూథర్ దాగియుండి క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేసినది ఆ కోటలోనే. లూథర్ బాలుడుగా ఉన్నప్పుడు అదే ఊరి లాటిను బడిలో చదువుచు, ఇంటింటి ముందు పాడి రొట్టె సంపాదించుకొన్నాడు. దాదాపు 200 ఏండ్ల తరువాత బాక్ చేరినది ఆ బడిలోనే. బీద పిల్లలు వీధులలో పాడి చదువుకు డబ్బు కూడబెట్టుకొనుట ఆ దేశములో అప్పటికిని ఆచారము. డిసెంబరు చలిలో మన కుర్రవాళ్ళు డ్రమ్ము, గిటారు, నక్షత్రపు దీపము పట్టుకొని అర్ధరాత్రి దాక భవానీపురము సందులలో కేరల్ రౌండ్సు తిరుగునప్పుడు మాకు ఆ పిల్లలు జ్ఞాపకము వస్తారు. మనవాళ్ళకు టీ, కేకు దొరుకుతాయి. వారికి ఆ వారపు భోజనము దొరికేది.

తొమ్మిదవ ఏట తల్లి, పది నిండకముందే తండ్రి చనిపోయారు. ఎనిమిదిమంది పిల్లలలో కడగొట్టువాడైన సెబాస్టియన్‌ను పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ తాను ఆర్గనిస్టుగా ఉన్న ఓర్డ్రూఫ్ అను చిన్న ఊరికి తీసికొనిపోయాడు. అన్న బీరువాలో దాచిన సంగీత పుస్తకమును ఆరు నెలలపాటు రాత్రిపూట వెన్నెల వెలుగులో దొంగచాటుగా నకలు వ్రాసికొన్నాడని, అన్న కనిపెట్టి ఆ నకలును లాగుకొన్నాడని ఆయన కుమారులు తరువాత చెప్పుకొన్న కథ. ఆయన కన్నులు చివరకు పాడైపోవుటకు అప్పటి శ్రమ కూడ కారణమని కొందరంటారు. దానిని మేము నిర్ణయించలేము.

అన్న ఇంట పిల్లలు పెరిగారు, చోటు చాలలేదు. 1700లో, పదునైదవ ఏట, బాక్ ఒక స్నేహితునితో కలిసి ఉత్తర దిక్కుననున్న ల్యూనెబర్గ్ పట్టణమునకు బయలుదేరాడు. ఆ దూరము ఇంచుమించు 300 కి.మీ., అనగా మన విజయవాడనుండి హైదరాబాదు దాటి పోయినంత. అక్కడి సెయింట్ మైకేల్ దేవాలయమునకు అనుబంధమైన బడిలో మంచి గొంతుగల బీద పిల్లలకు చదువు, తిండి, వసతి ఉచితము. బదులుగా వారు దేవాలయములో పాడవలెను. ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. తల్లిదండ్రులు లేని ఆ పిల్లవానికి ఆస్తిగాని సిఫారసుగాని లేదు. ఉన్నది గొంతు మాత్రమే. చేరిన కొంత కాలమునకే ఆ గొంతు కూడ మారిపోయింది. అయినను బడివారు వెళ్ళగొట్టలేదు. వాయిద్యము పట్టుకొని చదువు ముగించుకొన్నాడు.

1703లో, 18 ఏండ్ల వయస్సులో, ఆర్న్‌స్టాట్‌లోని క్రొత్త దేవాలయమునకు ఆర్గనిస్టుగా నియమింపబడ్డారు. భక్తుల జీవితములు వ్రాయువారు అక్కడి సంగతులను దాటవేయుట మేము చూచియున్నాము. మాకు అది సరిగా తోచదు. ఆర్న్‌స్టాట్ బడి విద్యార్థుల గాయక బృందము ఆయన చేతిక్రింద ఉండేది. వారిలో కొందరు ఆయనకంటె పెద్దవారు, క్రమము లేనివారు. బాక్ వారిని సహించలేక పోయారు. గేయర్స్‌బాక్ అను విద్యార్థి వాయిద్యమును గురించి ఎగతాళిగా మాటలాడగా, 1705 ఆగస్టులో ఒక రాత్రి ఆ విద్యార్థి తోటివారితో కాచియుండి బజారులో కర్రతో కొట్టబోయాడు, బాక్ కత్తి దూశారు, ప్రక్కవారు విడదీశారు. విచారణ జరిపిన సంఘాధికారులు బాక్‌ను కూడ మందలించారు. మనుష్యులు ఎక్కడను పరిపూర్ణులు కారు గనుక ఉన్న విద్యార్థులతోనే సర్దుకొని పాటలు నేర్పవలెనని వారి తాత్పర్యము. బాక్ విద్యార్థులకు పాట నేర్పుట మానివేశారు. ఇరువది ఏండ్ల పాటల మాస్టరు పట్టుదల అట్టిది. తరువాత లైప్జిగ్‌లో విద్యార్థులకొరకు ఎంతగా పోరాడినది తెలిస్తేనే ఈ సంగతికి విలువ.

అదే సంవత్సరము చలికాలములో నాలుగు వారముల సెలవు పెట్టి, బుక్స్టెహూడె అను వృద్ధ ఆర్గనిస్టు వాయించుట వినుటకు ల్యూబెక్ పట్టణమునకు కాలినడకన వెళ్ళారు. దూరము 400 కి.మీ. పైమాట. బెజవాడనుండి మద్రాసుకు నడచిపోయినట్లు. నాలుగు వారములకు మారుగా ఇంచుమించు నాలుగు నెలలు ఉండిపోయారు. తిరిగి వచ్చిన తరువాత ఆరాధన పాటల మధ్య ఆయన చేర్చిన క్రొత్త స్వరములకు సంఘమువారు తికమకపడి పాట తప్పిపోయారని మరల ఫిర్యాదు వచ్చింది. ఈ ఒక్క విషయములో మా సానుభూతి సంఘము వైపే! కీబోర్డు వాయించు యౌవనస్థుడు పల్లవికిని చరణమునకును మధ్య దారి తప్పిపోతే ముందు వరుసలోని వృద్ధ స్త్రీలు పాట ఎక్కడ అందుకోవాలో తెలియక మన ముఖము చూచుట ఏ పాస్టరు ఎరుగడు?

తరువాతి పదునేడు సంవత్సరములను మేము క్లుప్తముగా చెప్పుతాము. 1707లో మ్యూల్‌హౌజెన్, ఆ సంవత్సరమే బంధువైన మరియా బార్బరాతో వివాహము. 1708 మొదలుకొని వైమార్ ప్రభువు కొలువు. 1717లో వేరొక ప్రభువు కొలువుకు పోవుటకు సెలవిమ్మని పట్టుబట్టినందుకు వైమార్ ప్రభువు ఆయనను నవంబరు 6 నుండి డిసెంబరు 2 వరకు ఖైదులో ఉంచాడు. పిదప కోథెన్. అక్కడి ప్రభువు సంగీత ప్రియుడు, జీతము మంచిది. కాని 1720 జూలైలో ప్రభువుతో ప్రయాణమైపోయి తిరిగి వచ్చేసరికి ఆరోగ్యముగా విడిచి వెళ్ళిన భార్య మరణించి సమాధి కార్యక్రమము కూడ అయిపోయియున్నది. ఆ వార్త గడపలో అడుగుపెట్టినప్పుడే విన్నారట. నలుగురు పిల్లలు. మరుసటి సంవత్సరము డిసెంబరులో ఆ కొలువులోనే గాయనిగా ఉన్న 20 ఏండ్ల అన్నా మగ్దలేనాను వివాహమాడారు.

1723లో లైప్జిగ్ పట్టణ కౌన్సిలు సెయింట్ థామస్ బడికి కాంటరును, అనగా పాటల గురువును, వెదకుచుండినది. మొదట కోరినది టెలిమాన్‌ను, ఆయన రాలేదు. తరువాత గ్రౌప్నర్‌ను, ఆయనను వారి ప్రభువు విడువలేదు. అటు పిమ్మట బాక్ పేరు తీసికొన్నారు. లోకము ఆ కౌన్సిలు సభ్యుల పేర్లన్నీ మరచిపోయి, వారు ఇష్టము లేక తీసికొన్న వాని పేరునే జ్ఞాపకముంచుకొన్నది. మే నెలలో కుటుంబముతో వచ్చి దిగారు. మే 30న సెయింట్ నికొలస్ దేవాలయములో మొదటి కాంటాటా పాడించారు.

కాంటాటా అనగా ఆ ఆదివారపు సువార్త పాఠమును ఆధారము చేసికొని, ప్రసంగమునకు ముందు గాయక బృందము, ఒంటరి గొంతులు, వాయిద్యములు కలిసి పాడు దాదాపు ఇరువది నిమిషముల పాట. మాటలతో చేయు ప్రసంగమునకు పాటతో చేయు ప్రసంగము ముందు నడిచేది. మొదటి సంవత్సరములలో ఆయన ఇంచుమించు ప్రతి ఆదివారమునకును ఒకటి క్రొత్తగా కట్టేవారు. వారము మధ్యలో స్వరము కట్టి, భార్య, పిల్లలు, శిష్యులు కూర్చుండి ఎవరి భాగము వారికి విడివిడిగా నకళ్ళు వ్రాస్తే, శనివారము అభ్యాసము, ఆదివారము తెల్లవారగానే ఆరాధన. వాటిలో 200 వరకు నేటికిని మిగిలియున్నాయి. వారమునకు ఒక ప్రసంగము సిద్ధపరచుటకే సతమతమగు మావంటివారము ఈ లెక్క విని తల వంచవలసినదే.

ఇంత పాట పాడవలసినవారెవరు? బడి హాస్టలులో ఉన్న 50 మందికి పైబడిన బీద పిల్లలు. వీరినే నాలుగు భాగములు చేసి పట్టణములోని నాలుగు దేవాలయములకు పంపవలెను. సెయింట్ థామస్, సెయింట్ నికొలస్ దేవాలయములకు మంచి గొంతులు పోగా, మిగిలినవారిలో స్వరము సరిగా పట్టలేనివారు సెయింట్ పీటర్ దేవాలయమునకు పోయేవారు. ఇక వాయిద్యములకు కౌన్సిలు జీతమిచ్చువారు ఎనిమిదిమంది మాత్రమే. ఈ కొరతను పూర్వమునుండియు తీర్చుచుండినవారు విశ్వవిద్యాలయ విద్యార్థులు. లైప్జిగ్ విశ్వవిద్యాలయము 1409లో స్థాపింపబడినది. న్యాయశాస్త్రము, వేదశాస్త్రము చదువుటకు దూరదేశములనుండి వచ్చిన యౌవనస్థులలో వాయులీనము వాయించగలవారు, బేస్, టెనర్ పాడగలవారు చాలామంది. బాక్ రాకముందు వారికి ఏదో కొంత పారితోషికము ముట్టేది. కౌన్సిలు దానిని కొంచెము కొంచెముగా తగ్గించి చివరకు నిలిపివేసినది. విద్యార్థులును కొంచెము కొంచెముగా రావడము మానివేశారు.

విశ్వవిద్యాలయమునకు సెయింట్ పౌల్ పేర స్వంత దేవాలయమున్నది. అక్కడి పండుగ ఆరాధనల సంగీతము పూర్వాచారము చొప్పున కాంటరుదే. కాని బాక్ వచ్చునప్పటికే విశ్వవిద్యాలయమువారు గోర్నర్ అను వేరొక సంగీతకారునికి దానిని ఒప్పగించారు. 1725లో బాక్ సాక్సనీ ప్రభువుకు మూడు అర్జీలు వ్రాశారు. పండుగ ఆరాధనల మీద హక్కు, దాని రుసుము ఆయనకు వచ్చాయి. ప్రతి ఆదివారపు ఆరాధన గోర్నర్‌కే మిగిలినది. దీనిని డబ్బు తగాదాగా మాత్రమే చెప్పువారున్నారు. డబ్బు ఉన్నది, నిజమే, పెద్ద సంసారము. అయితే ఆ దేవాలయములో స్థానము లేనిది విద్యార్థులను దగ్గరకు తీసికొనుట కష్టమని ఆయన ఎరిగియుండవలెను. 1727 అక్టోబరు 17న రాణి క్రిస్టియానె ఎబర్హార్డినె మరణ సంస్మరణ ఆ దేవాలయములోనే జరిగినది. విశ్వాసము కొరకు, రాజైన భర్త మతము మారినను తాను మారక నిలిచిన రాణి ఆమె. ఆ సంస్మరణకు పూనుకొన్నది ఒక విద్యార్థి. పాట కట్టుమని అడిగినది బాక్‌ను. గోర్నర్ అడ్డు చెప్పినను ఆ దినమున విశ్వవిద్యాలయ దేవాలయములో వాయిద్యము ముందు కూర్చున్నది బాకే.

అదే సంవత్సరము శుభ శుక్రవారమున మత్తయి సువార్త ప్రకారమైన శ్రమల సంగీతమును మొదటిసారి పాడించారని ఇప్పటి పండితుల అభిప్రాయము. రెండు గాయక బృందములు, రెండు వాయిద్య బృందములు ఒకరికొకరు ప్రశ్నోత్తరములవలె పాడు పాట అది. మధ్య మధ్య సంఘమువారు ఎరిగిన కీర్తనల రాగములు వచ్చుచుండును. గంభీరమైన గొప్ప పాటలో అకస్మాత్తుగా తన ఇంటి పాట వినబడినప్పుడు వెనుక బల్లమీద కూర్చున్న ముసలమ్మకు ఎట్లుండునో ఊహించండి.

1730 ఆగస్టు 23న బాక్ కౌన్సిలుకు ఒక విన్నపము సమర్పించారు. మా దృష్టిలో సంఘ సంగీతమును గురించి అంత సూటిగా వ్రాసిన కాగితము అరుదు. ప్రతి బృందమునకు తక్కువలో తక్కువ 12 మంది, భాగమునకు ముగ్గురు చొప్పున, ఉండవలెను. ఒకరికి జలుబు చేసినను ఇద్దరు మిగులుతారు. 16 మంది ఉంటే ఇంకను మంచిది. వాయిద్యములకు 18 మంది మొదలు 20 మంది వరకు కావలెను. ఇక బడిలోనున్న 54 మంది పిల్లలను పేరు పేరున లెక్కించారు: పనికివచ్చువారు 17, ఇంకను నేర్వవలసినవారు 20, పాటకు బొత్తిగా పనికిరానివారు 17. గొంతు చూడకుండ పిల్లలను బడిలో చేర్చుకొనుట ఒక తప్పు, విద్యార్థులకు ఇచ్చు కొద్దిపాటి సహాయము నిలిపివేయుట రెండవ తప్పు అని దాని సారాంశము. ఊరకే వచ్చి పనిచేయుడని ఎవరిని, ఎంత కాలము అడుగగలమని ఆయన ప్రశ్న. కౌన్సిలు ఏమియు చేయలేదు. ఆ నెలలోనే వారు ఆయన పాఠములు సరిగా చెప్పుట లేదని, దిద్దరానివాడని చర్చించుకొని, ఆదాయము తగ్గించవలెనని కూడ మాటలాడుకొన్నారు. అక్టోబరులో బాక్ పాత స్నేహితుడు ఎర్డ్‌మన్‌కు వేరే ఊరిలో ఏదైన ఉద్యోగమున్నదా యని జాబు వ్రాశారు. లైప్జిగ్‌లో గాలి ఆరోగ్యముగా ఉన్న సంవత్సరము సమాధి కార్యక్రమములు తగ్గి తన రాబడి పడిపోతున్నదని ఆ జాబులో వాపోయారు. చదివి మేము నవ్వుకొన్నాము. తరువాత అన్ని నోళ్ళకు అన్నము పెట్టవలసిన తండ్రిని తలంచుకొని నవ్వు మానుకొన్నాము.

ఈ విన్నపమును మేము ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. విజయవాడ కాలేజీల పట్టణము. పడమటి గోదావరినుండి, ఖమ్మమునుండి, ప్రకాశము జిల్లానుండి పిల్లలు వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకొంటారు. ఆదివారము గుడికి వస్తారు, వెనుక నిలబడతారు, క్రిస్మసు దగ్గరపడగానే క్వయరులో పాడనిస్తారా అని అడుగుతారు. ఈ ప్రశ్న మా పాస్టరేటు కమిటీలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చినది. వారు రెండేండ్లలో వెళ్ళిపోతారు, నేర్పిన కష్టము వ్యర్థమని కొందరు పెద్దల వాదన. సభ్యత్వ రిజిస్టరులో పేరు లేనివానిని సర్‌ప్లిసు తొడిగి నిలువబెట్టవచ్చునా అని మరికొందరి సందేహము. క్వయరులో తరతరాలుగా పాడుచున్న కుటుంబములకు అది ఆస్తివంటిది. ఆ భావమును మేము చులకన చేయము, వారే లేకపోతే వానకాలపు ఆదివారములలో పాట ఎత్తేవారు ఉండరు. అయితే వెళ్ళిపోతారనుట లైప్జిగ్‌లోను నిజమే. విద్యార్థులు రావడము, డిగ్రీ పుచ్చుకొని పోవడము బాక్ 27 ఏండ్లు చూచారు. ఆయన వారు పోతారని బాధపడినట్లు ఎక్కడను కనబడదు. ఉన్నన్నాళ్ళు వారికి ఏమియు ఇవ్వక పని చేయించుకొనుచున్నామనియే బాధపడ్డారు. ఇప్పుడు మా సంఘములో నాలుగు శనివారములు అభ్యాసమునకు వచ్చిన విద్యార్థికి క్రిస్మసు ఆరాధనలో చోటు ఇస్తున్నాము. అభ్యాసమైన తరువాత రాత్రి భోజనము స్త్రీల సహవాసమువారిది. హాస్టలు గేటు మూయకముందు ఆటో ఎక్కించి పంపుట యౌవనస్థుల బాధ్యత. కొందరికి ఇది ఇంకను నచ్చలేదు.

కౌన్సిలు ఇయ్యని విద్యార్థులను బాక్ వేరొక ద్వారమున సంపాదించుకొన్నారు. 1702లో, తాను న్యాయశాస్త్ర విద్యార్థిగా ఉన్న రోజులలో, టెలిమాన్ స్థాపించిన కొలీజియుమ్ మ్యూజికుమ్ అను సంగీత సమాజము లైప్జిగ్‌లో నడచుచుండినది. సభ్యులు ఎక్కువమంది విశ్వవిద్యాలయ విద్యార్థులే. 1729 వసంతములో బాక్ దానికి నాయకుడైనారు. జిమ్మర్మాన్ అను ఆయన కాఫీ హోటలులో శుక్రవారము రాత్రి ఎనిమిది గంటలనుండి పది వరకు, వేసవిలో బుధవారము సాయంకాలము తోటలో వారు వాయించి పాడేవారు. సంత రోజులలో వారమునకు రెండుసార్లు. పట్టణస్థులు, వర్తకులు, బాటసారులు వచ్చి వినేవారు. బాక్ కుమారులు ఆ విద్యార్థుల ప్రక్కనే కూర్చుండి వాయించారు.

దేవాలయ సేవకుడు కాఫీ హోటలుకు ఎందుకు పోయాడని కొందరు భక్తులు నొచ్చుకొంటారు. సెమినరీలో చదువు రోజులలో మా తరగతిలో కూడ ఈ వాదము నడిచినది. మా సమాధానము 1734 క్రిస్మసు. 1733లో రాజకుటుంబపు జన్మదినములకు ఆ విద్యార్థులచేత పాడించిన పాటల స్వరములను బాక్ తీసికొని, మాటలు మార్పించి, క్రొత్తవి చేర్చి, డిసెంబరు 25 మొదలుకొని 1735 జనవరి 6 ప్రత్యక్షతా పండుగ వరకు ఆరు దినములు పాడదగిన క్రిస్మసు ఒరటోరియోను సిద్ధపరచారు. ఒక భూరాజు భార్యకు మ్రోగిన డోళ్ళు, బాకాలు మరుసటి సంవత్సరము పశులతొట్టిలోని శిశువునకు మ్రోగినాయి. ఇందులో మనకు వింత ఏమున్నది? మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే ప్రతి కీర్తన తలమీద రాగము, తాళము వ్రాసియున్నవి. ఆ రాగములేవియు గుడిలో పుట్టినవి కావు.

ఒక్క విషయములో మాత్రము లైప్జిగ్ ద్వారము మూయబడియే యున్నది. అన్నా మగ్దలేనా శిక్షణ పొందిన గాయని. కోథెన్ కొలువులో జీతము తీసికొని పాడినది. అయితే లైప్జిగ్ దేవాలయములలో స్త్రీలు గాయక బృందములో పాడకూడదు. భర్త కట్టిన పాటలలో కొన్నింటిని ఆమె స్వహస్తముతో నకలు వ్రాసినది, సొప్రానో పాటలను బాలురు పాడగా క్రింద కూర్చుండి విన్నది. పదముగ్గురు పిల్లలను కని, వారిలో ఏడుగురిని పసితనములోనే పోగొట్టుకొన్నది. బాక్ ఇద్దరు భార్యలయందును పుట్టిన 20 మంది పిల్లలలో పెరిగి పెద్దవారైనది పదిమంది.

1736లో ఎర్నెస్టి అను యువ రెక్టరుతో తగాదా మొదలైనది. బడి పిల్లలలో బృంద నాయకుని నియమించు హక్కు రెక్టరుదా, పాటల గురువుదా అనునది ప్రశ్న. ఎర్నెస్టి గొప్ప పండితుడు, క్రొత్త నిబంధన వ్యాఖ్యానములో పేరు పొందినవాడు; పాట అభ్యసించు పిల్లవాని చూస్తే సారాయి అంగడి వాయిద్యగాడవు అవుతావా అని ఎత్తిపొడిచేవాడట. పాటలో గడిపిన గంట చదువుకు నష్టమను తల్లిదండ్రులు మన సంఘములలోను కలరు గనుక ఆయనను మేము దుష్టునిగా చిత్రింపము. ఈ తగాదా రెండేండ్లు సాగి, ఆరాధన మధ్యలో నాయకుని గ్యాలరీనుండి దింపివేయునంత వరకు పోయినది. దానితో బాక్ మనస్సు బడినుండి తొలగిపోయినదని చెప్పవచ్చును. 1740 తరువాత కొన్ని ఏండ్లలో కొలీజియుమ్ నాయకత్వము కూడ విడిచిపెట్టారు.

మనకు సంబంధించిన ఒక చిన్న సంగతి ఇక్కడ. 1746లో ఆయన పెద్ద కుమారుడు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ హాలె పట్టణములోని పెద్ద దేవాలయమునకు ఆర్గనిస్టు అయినాడు. లైప్జిగ్‌నుండి హాలె, మన విజయవాడనుండి గుంటూరు ఎంతో ఇంచుమించు అంతే దూరము. సరిగా ఆ రోజులలోనే మద్రాసునుండి తిరిగి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ దొరగారు ఆ హాలె పట్టణములో తెలుగు అక్షరములతో క్రైస్తవ పుస్తకములను అచ్చు వేయించారు. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకములు అవే. తండ్రీ కొడుకులు ఆ అక్షరములను చూచారని చెప్పుటకు ఆధారము లేదు. ఒకే ఊరిలో, ఒకే సంవత్సరములలో ఆ రెండు పనులు జరిగినవని తలంచుకొనుటయే మాకు సంతోషము.

చివరి సంవత్సరములలో చూపు మందగించినది. 1749 జూన్‌లో, ఆయన బ్రతికియుండగానే, కౌన్సిలువారు ఆయన స్థానమునకు రాదగిన హారర్ అను వానిని పిలిపించి పరీక్షగా పాడించి చూచుకొన్నారు. అదే కాలములో బాక్, చూపు మందగించిన కన్నులతో, బి మైనర్ మాస్ అను మహా ఆరాధన సంగీతమును ముగించుచుండిరి. 1750లో టేలర్ అను ఆంగ్ల వైద్యుడు రెండుసార్లు కంటికి శస్త్రచికిత్స చేశాడు. చూపు రాలేదు సరిగదా దేహబలము క్షీణించినది. జూలై 28 సాయంకాలమున ప్రభువునందు నిద్రించారు. వయస్సు 65. సెయింట్ జాన్ సమాధుల తోటలో రాయి కూడ లేని సమాధి. అన్నా మగ్దలేనా పదేండ్లు ధర్మపు సొమ్ముతో బ్రతికి 1760లో మరణించినది.

ఆయన పాటలు మూటగట్టి పెట్టబడినవి. బడి పిల్లలు మాత్రము కొన్నింటిని విడువక పాడుచు వచ్చారు; 1789లో లైప్జిగ్ వచ్చిన మోజార్ట్ వారి నోట విని ఆశ్చర్యపడి ఆ కాగితములు తెప్పించుకొని చూచాడు. 1829 మార్చి 11న బెర్లిన్‌లో, 20 ఏండ్ల మెండెల్సన్ మత్తయి శ్రమల సంగీతమును తిరిగి పాడించాడు. పాడినది సింగకాడెమీ అను బృందము. వారు జీతగాండ్రు కారు, బడి పిల్లలు కారు. 1791నుండి వారము వారము కూడి పాడుకొనుచుండిన పట్టణస్థులు, స్త్రీలు పురుషులు కలిసి. అన్నా మగ్దలేనా దేవాలయములో పాడరానివైన సొప్రానో, ఆల్టో భాగములను ఆ సాయంకాలము స్త్రీలే పాడారు.

లైప్జిగ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1926లో మరల ఒక గాయక బృందముగా కూడుకొన్నారు. విశ్వవిద్యాలయ క్వయరుగా అది నేటికిని ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధపు బాంబులకు నిలిచిన సెయింట్ పౌల్ దేవాలయమును అప్పటి తూర్పు జర్మనీ ప్రభుత్వము 1968 మే 30న మందుపెట్టి పడగొట్టినది. ఆ స్థలములో కట్టిన క్రొత్త మందిరము 2017లో తెరువబడినది. క్వయరు ఇప్పుడు అక్కడ పాడుచున్నది. బాక్ అస్థికలు 1894లో వెదకి తీయబడి, 1950లో సెయింట్ థామస్ దేవాలయములో బలిపీఠము ముందు ఉంచబడినవి. ఆ బడి ఇంకను నడచుచున్నది. శుక్రవారము సాయంకాలము, శనివారము మధ్యాహ్నము ఆ పిల్లలు గ్యాలరీలో నిలిచి పాడుతారు. ఊరివారైనను పరదేశులైనను లోపలికి వచ్చి కూర్చుంటారు.